సంక్రాంతికి ఆల్ప్స్ వెళ్తున్నారా? వేసవి ప్యాకేజీ కొనకండి

సంపాదకులకు నమస్కారం.

దసరా వెళ్లిందో లేదో ‘సంక్రాంతి సెలవుల్లో స్విట్జర్లాండ్’ ప్రకటనలు మొదలవుతాయి. వాటిలో కొన్నింటిని పక్కపక్కన పెట్టి చదివితే అసలు సంగతి బయటపడుతుంది. మే నెలలో అమ్మిన కార్యక్రమానికే తేదీలు మార్చి జనవరికి అంటగడుతున్నారు. మూడో రోజు పళ్లచక్రాల రైల్లో పిలాటస్ కొండ, నాలుగో రోజు ట్రుమెల్‌బాఖ్ జలపాతాలు, ఐదో రోజు షీనిగె ప్లాట్టె కొండ రైలు అని రాస్తారు. జనవరిలో ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. కొందరైతే ‘క్రిస్మస్ సంతలు’ కూడా కలుపుతారు. ఆ సంతలు నవంబరు చివర్లో మొదలై చాలాచోట్ల డిసెంబరు 24కే సర్దేస్తారు. ఇన్స్‌బ్రుక్ లాంటి చోట ఒకటీ అరా మిగిలినా, జనవరి 6 తర్వాత వాటి జాడ ఉండదు.

చలికాలంలో ఆల్ప్స్‌కు వెళ్లవద్దని కాదు. జనవరి రెండో, మూడో వారాలు నిజానికి మంచి సమయం. క్రిస్మస్, కొత్త సంవత్సరం రద్దీ తగ్గిపోతుంది, ఫిబ్రవరిలో యూరప్ బడుల స్కీ సెలవులు ఇంకా మొదలు కావు. మన సంక్రాంతి సెలవులు సరిగ్గా ఆ మధ్యలో పడతాయి. అయితే చలికాలపు యాత్రను చలికాలానికి తగ్గట్టు వేసుకోవాలి. ఏవి మూసి ఉంటాయి, పొద్దు ఎంతసేపు ఉంటుంది, పొగమంచు ఎంత ఎత్తు వరకు కమ్ముకుంటుంది అన్న మూడు ప్రశ్నల చుట్టూ కార్యక్రమం అల్లుకోవాలి.

మొదట మూసివేతలు. ఆల్ప్‌నాక్‌స్టాడ్ నుంచి పిలాటస్ ఎక్కే రైలు 1889 నాటిది. 48 శాతం వాలుతో, ప్రపంచంలో అంత నిటారుగా ఎక్కే పళ్లచక్రాల రైలు మరొకటి లేదు. ఆ వాలు మీద మంచు పేరుకుంటుంది కాబట్టి చలికాలమంతా ఆపేస్తారు. కొండ మాత్రం తెరిచే ఉంటుంది. లూసెర్న్ పక్కనున్న క్రీన్స్ నుంచి తీగ మీద సాగే చిన్న గండోలా పెట్టెలో బయల్దేరి, ఫ్రాక్‌మ్యుంటెగ్ దగ్గర పెద్ద కేబుల్ కార్‌లోకి మారి పైకి చేరవచ్చు. అంటే పడవ, రైలు, కేబుల్ కార్ కలిపి ‘గోల్డెన్ రౌండ్ ట్రిప్’ అని అమ్మేది జనవరిలో సాగదు. వెళ్లిన దారినే తిరిగి రావాలి. స్టాన్సర్‌హార్న్ పైకప్పు లేని కేబుల్ కార్ చలికాలం మొత్తం సెలవే. ట్రుమెల్‌బాఖ్ జలపాతాలు కొండ లోపలి సొరంగాల్లో ఉంటాయి, నవంబరు నుంచి మార్చి చివరి దాకా తలుపు తీయరు. రైన్ జలపాతం తెరిచే ఉంటుంది కానీ, పైన మంచు కరగని నెలల్లో నీరు వేసవిలో వచ్చేదానికి సగం కూడా రాదు. అందుకోసం ఒక పూట కేటాయించడం దండగ. జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్ దాకా సుమారు 8 గంటలు సాగే గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య వరకు నడవదు. సంక్రాంతి వేళకు నడుస్తుంది. దానికి సీటు రిజర్వేషన్ తప్పనిసరి, ఛార్జీ వేరు. అదే పట్టాల మీద తిరిగే మామూలు బళ్లు ఎక్కితే రిజర్వేషన్ అక్కర్లేదు.

టిట్లిస్, షిల్ట్‌హార్న్ లాంటి కొండల కేబుల్ కార్లను ఏటా కొన్ని రోజులు ఆపి తనిఖీ చేస్తారు. ఎక్కువగా అది నవంబరులో పడుతుంది. దీపావళి దాటాక వెళ్లేవారు దీన్ని ముఖ్యంగా చూసుకోవాలి. ఈ తేదీలన్నీ ఆయా కంపెనీల వెబ్‌సైట్లలో నెలల ముందే ఉంటాయి. ప్యాకేజీ రాసేవాళ్లు పది నిమిషాలు వెచ్చిస్తే తెలిసిపోతుంది. వెచ్చించరు, అదే బాధ.

ఇక పొగమంచు. దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ, యాత్రను ఎక్కువగా పాడుచేసేది ఇదే. చలికాలంలో జ్యూరిక్, లూసెర్న్ ఉన్న పల్లపు ప్రాంతంలో చల్లటి గాలి కిందే నిలిచిపోతుంది, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. ఆ చల్లటి పొరలో పొగమంచు చేరి రోజుల తరబడి కదలదు. ఊరంతా బూడిద రంగు, సరస్సు అవతలి ఒడ్డు కనబడదు. ఇది చూసి ‘ఇవాళ వాతావరణం బాగాలేదు, కొండ ఎక్కి ఏం లాభం’ అని హోటల్లో కూర్చుంటారు. చేయాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఆ మబ్బు పొర సాధారణంగా 800 మీటర్ల నుంచి 1,500 మీటర్ల లోపు ఎక్కడో తెగిపోతుంది. దాన్ని దాటితే నీలాకాశం, ఎండ, కింద తెల్లటి మబ్బుల సముద్రం. లూసెర్న్ దగ్గరి రిగి కొండ 1,798 మీటర్లు. 1871లో యూరప్‌లో మొట్టమొదటి కొండ రైలు పడింది ఇక్కడే, విట్జ్‌నౌ ఊరి నుంచి. చలికాలమంతా నడుస్తుంది, రైళ్లు, బస్సులు, పడవలకు చెల్లే స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే పైసా కట్టక్కర్లేదు. లూసెర్న్ నుంచి పడవలో విట్జ్‌నౌ చేరడానికి సుమారు గంట. చలికాలంలో పడవలు తక్కువ, కాబట్టి ఒక్కటి తప్పితే చాలాసేపు ఆగాలి. అప్పుడు మామూలు రైల్లో ఆర్ట్‌గోల్డౌ వెళ్లి అటువైపు నుంచి రిగి ఎక్కడం సులువు.

కొండ మీద ఎండ ఉందో లేదో తెలుసుకోవడానికి జాతకం అక్కర్లేదు. ప్రతి పెద్ద శిఖరం మీదా లైవ్ కెమెరా ఉంటుంది. పొద్దున టిఫిన్ వేళకు ఫోన్‌లో ఆ చిత్రం చూసి, తర్వాత టికెట్ కొనాలి. ఇండియాలోనే ఫలానా తేదీకి యుంగ్‌ఫ్రాయోక్ అనే కొండ మీది రైలు స్టేషన్‌కు టికెట్ కొనిపెట్టి, ఆ రోజు మంచు తుపాను ముంచుకొస్తే 3,454 మీటర్ల ఎత్తున తెల్లటి గోడ చూసి దిగిరావాలి. అందుకే ప్రతి మకాంలో కనీసం 3 రాత్రులు ఉండాలంటాం. మూడు రోజుల్లో ఒక్క రోజైనా తెరిపి ఇస్తుంది, ఆ రోజున పెద్ద కొండ ఎక్కాలి, మిగతా రోజుల్లో ఊళ్లు, మ్యూజియంలు చూసుకోవాలి. పది రోజుల్లో ఏడు ఊళ్లు తిప్పే ప్యాకేజీలో ఈ వెసులుబాటు ఉండదు.

గాలి సంగతి వేరు. కొండల దక్షిణం వైపు నుంచి ఎగబాకి ఉత్తరం వైపు లోయల్లోకి దూకే వెచ్చటి పొడి గాలిని అక్కడ ‘ఫోన్’ (Föhn, మన చేతిలో ఫోన్ కాదు) అంటారు. అది వచ్చే ముందు ఆకాశం శుభ్రంగా ఉంటుంది, కొండలు చేతికి అందేంత దగ్గరగా కనిపిస్తాయి. కెమెరాలో చూస్తే బ్రహ్మాండమైన రోజనిపిస్తుంది, తీరా వెళ్తే కేబుల్ కార్ ఆగి ఉంటుంది. కాబట్టి కెమెరాతో పాటు ఆ కంపెనీ పేజీలో ‘నడుస్తోంది, ఆగింది’ అని చూపే పట్టిక కూడా చూడాలి. ఇన్స్‌బ్రుక్‌లో ఈ గాలి పోటు మరీ ఎక్కువ.

పొద్దు. జనవరి మధ్యలో జ్యూరిక్‌లో సూర్యుడు 8 దాటాక ఉదయిస్తాడు, సాయంత్రం 5 ప్రాంతంలోనే అస్తమిస్తాడు. లౌటర్‌బ్రున్నెన్ లాంటి ఇరుకు లోయలో రెండు వైపులా నిలువు కొండలు కాబట్టి నేల మీద ఎండ కొద్ది గంటలే. 297 మీటర్ల స్టౌబ్‌బాఖ్ జలపాతం ఉన్నది ఈ లోయలోనే, చలికాలంలో సన్నబడి కొంత గడ్డకట్టి కనిపిస్తుంది. మధ్యాహ్నం మూడు తర్వాత ఫొటోలకు పనికిరాదు. కొండ ఎక్కాలంటే పొద్దున్నే తొలి బళ్లలో ఎక్కాలి. దిగే చివరి బండి వేళను ఎక్కేటప్పుడే గోడ మీద చూసి రాసుకోవాలి, చలికాలంలో అది వేసవి కంటే ముందు.

యుంగ్‌ఫ్రాయోక్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరి డబ్బూ ఎక్కువగా పోయేది అక్కడే. ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్‌లో ఎక్కే బండి ఒక్కటే కానీ, స్వైల్యుట్షినెన్ దగ్గర రెండుగా విడిపోతుంది. ఒక సగం గ్రిండెల్‌వాల్డ్‌కు, రెండో సగం లౌటర్‌బ్రున్నెన్‌కు. పెట్టె మీద బోర్డు చూడకుండా ఎక్కితే కుటుంబం రెండు లోయల్లో తేలుతుంది. గ్రిండెల్‌వాల్డ్ టెర్మినల్‌లో దిగితే 2020 డిసెంబరులో మొదలైన ఐగర్ ఎక్స్‌ప్రెస్ కేబుల్ కార్ 15 నిమిషాల్లో ఐగర్‌గ్లెట్షర్ చేరుస్తుంది. అక్కడి నుంచి 1912లో పూర్తయిన కొండ రైలు సొరంగంలో పైకి తీసుకెళ్తుంది. గాలికి కేబుల్ కార్ ఆగినా దారి మూసుకుపోయినట్టు కాదు. లౌటర్‌బ్రున్నెన్, వెంగెన్, క్లైన షైడెగ్ మీదుగా పాత పళ్లచక్రాల రైలు సాధారణంగా నడుస్తూనే ఉంటుంది, కాకపోతే గంట దాకా ఆలస్యం.

టికెట్ లెక్క ఇది. స్విస్ ట్రావెల్ పాస్‌తో గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ దాకా ఉచితం, ఆ పైన 25 శాతం మాత్రమే తగ్గింపు. టిట్లిస్, పిలాటస్, షిల్ట్‌హార్న్‌లకు 50 శాతం. హాఫ్ ఫేర్ కార్డు అయితే నెల రోజులు చెల్లుతుంది, యుంగ్‌ఫ్రాయోక్‌కు కూడా 50 శాతం తగ్గిస్తుంది. ఊళ్లు తక్కువ, కొండలు ఎక్కువ ఉన్న కార్యక్రమానికి చాలాసార్లు ఈ కార్డే లాభం. రెండు లెక్కలూ కాగితం మీద వేసి చూసుకోండి. 16 ఏళ్ల లోపు పిల్లలు అమ్మానాన్నలతో ఉంటే ఫ్యామిలీ కార్డు ఉచితంగా ఇస్తారు, పాస్ కొనేటప్పుడే అడగాలి. అడగకపోతే ఇవ్వరు.

గంటన్నర, రెండు గంటల్లో ఇంటర్‌లాకెన్‌లోని 570 మీటర్ల నుంచి యుంగ్‌ఫ్రాయోక్‌లోని 3,454 మీటర్లకు వెళ్తున్నామని మరిచిపోకూడదు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులు. బండి దిగగానే మెట్ల మీద పరుగెత్తే పిల్లలకు, వాళ్ల వెనక పరుగెత్తే పెద్దలకు తలనొప్పి, వికారం మొదలవుతాయి. మెల్లగా నడవాలి, నీళ్లు తాగుతుండాలి. రెండు మూడు గంటలకు మించి ఉండక్కర్లేదు. తగ్గకపోతే మందు కోసం వెతక్కుండా కిందికి దిగడమే చికిత్స. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, గర్భిణులు డాక్టరును అడిగి వెళ్లాలి. చంటి పిల్లలను తీసుకెళ్లకపోవడమే మంచిది. అలాంటివారికి రిగి చాలు, దృశ్యంలో లోటేమీ ఉండదు.

ఇంటర్‌లాకెన్‌లో దిగితే కాళ్ల కింద మంచు ఉంటుందనుకోవడం మరో పొరపాటు. ఊరు 570 మీటర్లే కాబట్టి జనవరిలోనూ నేల పచ్చగా, బురదగా ఉండవచ్చు. మంచు మధ్యలో నిద్ర లేవాలంటే గ్రిండెల్‌వాల్డ్ (1,034 మీటర్లు), వెంగెన్ (1,274), మ్యురెన్ (1,638) చూసుకోవాలి. చివరి రెండు ఊళ్లలోకి కార్లు రావు, సామాను రైలుకెక్కించాల్సిందే. వెంగెన్‌లో ప్రతి జనవరి మధ్యలో లౌబర్‌హార్న్ స్కీ పోటీలు జరుగుతాయి, అంటే చాలా ఏళ్లు సరిగ్గా మన సంక్రాంతికి. ఆ రోజుల్లో గది దొరకదు, రైళ్లలో నిలబడే చోటుండదు. ఆ ఏడాది పోటీల తేదీలు చూడకుండా అక్కడ బుక్ చేయకండి.

బట్టల విషయంలో మనవాళ్లు బరువును నమ్ముకుంటారు. ఒక్క లావు జాకెట్ కొని, లోపల కాటన్ బనియను, కింద జీన్స్ వేస్తారు. కాటన్ చెమటను పీల్చుకుని అలాగే తడిగా ఉంటుంది, బయటికి రాగానే అది ఒంటిని చల్లబరుస్తుంది. జీన్స్ మంచులో తడిస్తే సాయంత్రం దాకా ఆరదు. మూడు పొరలు కావాలి: ఒంటికి అంటుకునే ఉన్ని లేదా సింథటిక్ థర్మల్, మధ్యలో ఫ్లీస్, పైన గాలీ నీళ్లూ దూరని జాకెట్. వేడి చేసిన రైల్లోకి, భవనంలోకి వెళ్లగానే పై పొర తీసేయాలి, లేకపోతే లోపల చెమట పట్టి బయట వణుకు. యుంగ్‌ఫ్రాయోక్ మంచు గుహలో సున్నాకు 3 డిగ్రీలు తక్కువ, బయట డాబా మీద జనవరిలో సున్నాకు 15 డిగ్రీలు తక్కువ ఉండటం మామూలే, పైగా గాలి. రెండు జతల సాక్సు వేసి బూటులో పాదాన్ని ఇరికిస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. ఒక్క ఉన్ని జత, వేళ్లు కదిలేంత చోటున్న వాటర్‌ప్రూఫ్ బూటు మేలు.

జారిపడటం అక్కడ మన యాత్రికులకు జరిగే ప్రమాదాల్లో మొదటిది. కొండ అంచున కాదు, హోటల్ గుమ్మం ముందు, రైల్వే ప్లాట్‌ఫాం మీద. పగలు కరిగిన నీరు రాత్రి పలచటి పలకగా గడ్డకట్టి, తడి నేలలా కనిపిస్తుంది. బూట్ల కింద తొడిగే రబ్బరు పట్టీల స్పైకులు దొరుకుతాయి, పెద్దవాళ్లకు తప్పక కొనండి. మంచు మీద అడుగు చిన్నదిగా, పాదం మొత్తం ఆనేలా వేయాలి, చేతులు జేబుల్లో పెట్టుకోకూడదు. భవనంలోకి వెళ్లేటప్పుడు స్పైకులు విప్పేయాలి. వాటితో గచ్చు మీద నడిస్తే మంచు మీద కంటే ఘోరంగా జారుతుంది. మంచు ఎండను తిప్పికొడుతుంది కాబట్టి చలిలోనూ ముఖం కమిలిపోతుంది, కళ్లు మండుతాయి. యూవీ రక్షణ ఉన్న నల్లద్దాలు, సన్‌స్క్రీన్ కొండ మీద రెండూ కావాలి. ఫోన్ బ్యాటరీ చలికి చటుక్కున పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. రిటర్న్ టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది కదా.

స్విట్జర్లాండ్ తర్వాత ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌కు 2 రాత్రులు ఇస్తే బాగుంటుంది. జ్యూరిక్ నుంచి నేరుగా రైలు, మూడున్నర గంటలు. 1964, 1976 శీతకాల ఒలింపిక్స్ జరిగిన ఊరు. 2,657 బంగారు పూత రాగి పెంకులతో చక్రవర్తి మాక్సిమిలియన్ వేయించిన మేడ కప్పు నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే హుంగర్‌బుర్గ్ రైలు స్టేషన్ వస్తుంది. దాని గాజు పైకప్పుల రూపం జహా హదీద్‌ది, 2007 నాటిది. ఆ రైలు దిగాక ఒక కేబుల్ కార్‌లో 1,905 మీటర్ల జేగ్రూబె, మరో కేబుల్ కార్‌లో ఆపైన హాఫెలేకార్. ఊరి నడిబొడ్డు నుంచి అరగంటలో ఆ ఎత్తు చేరవచ్చు. పై భాగాన్ని గాలికో, మంచు చరియల భయానికో మూసేస్తే జేగ్రూబె దాకా చాలు. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ రెండు దేశాల్లోనూ ఆదివారం దుకాణాలు మూత, పెద్ద రైల్వే స్టేషన్లలోవి మాత్రం తెరిచి ఉంటాయి. పాలు, పెరుగు, బ్రెడ్ శనివారమే కొనుక్కోవాలి.

కారు అద్దెకు తీసుకుంటామనే కుర్రాళ్లకు ఒక మాట. ఫుర్కా, గ్రిమ్సెల్, సుస్టెన్ కనుమలు చలికాలం మొత్తం మూసే ఉంటాయి. ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు మంచు ఉన్న రోడ్డు మీద వింటర్ టైర్లు చట్ట ప్రకారం తప్పనిసరి. మంచు మీద ఎప్పుడూ నడపనివారికి రైలే దిక్కు.

రెండు దేశాలకూ చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, 15 రోజుల ముందుతో గడువు ముగుస్తుంది. సంక్రాంతికి వెళ్లేవారు దసరాకల్లా కాగితాలు ఇచ్చేయాలి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు, రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. పెద్దలకు ఫీజు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. వీసాకు సరిపోయే చవక పాలసీల్లో స్కీయింగ్‌కు, స్లెడ్జ్‌కు రక్షణ ఉండకపోవచ్చు. చెక్క స్లెడ్జ్ మీద జారడం పిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ, బ్రేకు అంటే మడమలే. కాలు విరిగితే హెలికాప్టర్ రావచ్చు, ఆ బిల్లు మనదే. స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ సహాయానికి 1414, అంబులెన్సుకు 144.

పచ్చళ్ల సంగతి చెప్పకపోతే ఉత్తరం పూర్తి కాదు. మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు అక్కడికి తీసుకెళ్లడం నిషేధం. నెయ్యి డబ్బా, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి విమానాశ్రయంలో చెత్తబుట్ట పాలవుతాయి. ఆవకాయ, గోంగూర, కందిపొడి, ఉప్మా రవ్వ పట్టుకెళ్లండి. గదిలో వంట చేస్తే పొగ అలారం మోగుతుంది, వండుకోవాలంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంటే తీసుకోవాలి. రైస్ కుక్కర్‌కు మన మూడు పిన్నుల ప్లగ్ పట్టదు, స్విస్ సాకెట్ గోడలోకి లోతుగా ఉండి లావు అడాప్టర్‌ను కూడా రానివ్వదు. సన్నటి స్విస్ అడాప్టర్ విడిగా కొనాలి.

ప్రకటనలు వేసుకునే పత్రికలకు మా విన్నపం ఒక్కటే. ఆల్ప్స్ ప్యాకేజీ ప్రకటనలో చూపే స్థలాలు ఆ తేదీల్లో తెరిచి ఉంటాయని ప్రకటనకర్త నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. పాఠకులు కూడా అడ్వాన్సు కట్టే ముందు ఏజెంటును ఒక ప్రశ్న అడగాలి: గాలికి కేబుల్ కార్ ఆగిపోతే, ఆ కొండ టికెట్ సొమ్ము తిరిగి ఎవరి చేతికి, ఎన్ని రోజుల్లో వస్తుంది? దానికి జవాబు ఫోన్లో కాదు, రసీదు మీద రాయించుకోండి.

ఇట్లు,
యూరప్ యాత్రలు నడిపే కొందరు టూర్ మేనేజర్లు,
హైదరాబాద్